ఓసీ మీది యెండ

ఆకాశమునుండి ఛాయాచిత్రములు తీసి నేలను కొలుచువారికి, విమానముకన్నను కెమెరాకన్నను ముందుగా కావలసినది సూర్యుడు ఏ వేళ ఎంత యెత్తున నుండునో తెలిసిన జ్ఞానమని, మందమర్రి ఓసీలను, అనగా నేలను పైనుండి తెఱచి త్రవ్వు బొగ్గుగనులను, ఆకాశమునుండి చూచుచు వచ్చిన నాకు ఏటేట దృఢపడుచున్న నమ్మకము.

ఇచ్చట ఒకే చిత్రములో, ఎండ తగిలిన తెల్లని ఇసుకరాతి ఓబీ (బొగ్గుపైనుండి తొలగించి పోసిన రాతిమన్ను) గుట్టయు, దాని ప్రక్కనే వెలుతురునెల్ల మ్రింగివేయు బొగ్గుపొరయు ఇముడవలెను. గుట్టకు సరిపడ కెమెరాను సవరించితిమా, బొగ్గు అంచులు కారునలుపులో కలిసిపోవును; బొగ్గుకు సరిపడ సవరించితిమా, గుట్టపై వాన కోసిన గండ్లు తెల్లగా చెరిగిపోవును.

దీనికి నీడ తోడగును. మందమర్రి రమారమి 19 డిగ్రీల ఉత్తరాక్షాంశమున నున్నది గావున, డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నమున సైతము సూర్యుడు 48 డిగ్రీలకు మించి యెక్కడు. 10 మీటర్ల బెంచి (గనిగోడలోని మెట్టు) నీడ ఉత్తరముగా 9 మీటర్లు పడి క్రింది బెంచిని కప్పును. సూర్యుడు 30 డిగ్రీలకు దిగినచో ఆ నీడయే 17 మీటర్లగును. రెండు చిత్రములను జతపఱచి యెత్తు తీయువానికి ఒకే బిందువు రెండింటను కనబడవలెను, చీకటిలో బిందువెక్కడిది?

అట్లని మే నడుమ నడినెత్తి యెండను వెదకుటయు మేలుకాదు. అప్పుడు కెమెరా నీడ పడు చోటు చిత్రములోనికే వచ్చి, దాని చుట్టును నీడలన్నియు వస్తువుల చాటున దాగుటచే పాలిపోయిన మచ్చ యేర్పడును. తరువాతి చిత్రములో ఆ మచ్చ నేలపై వేఱొకచోటికి జరుగును.

గాలిలోని మసక మఱియొక బాధ. గాలి అణువులు నీలపు వెలుగును మిక్కిలిగ చెదరగొట్టును గావున, పూర్వము నలుపు తెలుపు ఫిల్ముతో ఎగిరినవారు పసుపుపచ్చ ఫిల్టరుతో దానిని అడ్డగించెడివారు. డంపర్ల త్రోవపై లేచు దుమ్ము రేణువులు పెద్దవి. అవి అన్ని రంగులను చెదరగొట్టును, వానికి ఫిల్టరు పనిచేయదు. చలికాలపు ఉదయమున నేలనంటిన చల్లగాలి, పైనున్న వెచ్చగాలి క్రింద చిక్కుకొని, ఆ దుమ్మును ఓసీ గర్భముననే నిలిపియుంచును. ఎండ బాగుగ కాచినగాని అది విచ్చదు.

నేను కోరుకొనునది వానలు వెనుదిరిగి గాలి కడిగినట్లుండు అక్టోబరు, నవంబరు తొలిదినములు. పదింటి మొదలు రెండింటి వరకు. పలుచని మేఘము ఆకాశమంతట సమముగ పఱచుకొనినచో డ్రోనుకు ఇంకను మేలు, నీడలు మెత్తబడి బొగ్గుగోడ పగుళ్లు సైతము తెలియును. బాలానగరులోని జాతీయ దూరసంవేదన కేంద్రపు సర్వే విమానమునకైనను, ఓసీ అంచున ఎగురు డ్రోనుకైనను సూర్యుడొక్కడే.

కావున కొలతకు తేది మాత్రము నిర్ణయించు అధికారులకు నా మనవి: వేళను సర్వేయరుకు విడువుడు, నేలపై నీడలు జరుపుచు మబ్బు తునకలు తిరుగు దినమున డ్రోనును పెట్టెలోనే ఉండనిండు.