మోగని ఫోను

“ఏరా, ఫోను చెయ్యడమే మానేశావు?” అంది పిన్ని. ఆదివారం ఆరుసార్లు చేశాను. నా ఫోనులో ‘పిలుస్తోంది’ అన్న మాట కదల్లేదు, విజయవాడ సింగ్‌నగర్‌లో ఆవిడ ఫోను కిక్కురుమనలేదు. ఎవరినైనా తిట్టి ఊరుకుందామంటే, ఆ కాలింగ్ యాప్ నేను అల్లిందే.

అల్లానంటే పూర్తిగా నాది కాదు. 2001లో ఫ్రాన్సులో పుట్టిన లిన్‌ఫోన్ అనే ఇంటర్నెట్ ఫోను కోడు ఎవరైనా చదువుకునేలా తెరిచి ఉంది. అది చదివి, కొంత తెచ్చుకుని, కొంత కలిపాను. మూత తీసి చూడలేని వస్తువు మనది కాదని ఈ కాలమ్‌లో చాలాసార్లు రాశాను. ఆటోనగర్‌లో లారీ ఇంజిను విప్పి గోనెపట్టా మీద పరిచిన మేస్త్రీ దగ్గర పట్టుకున్న పిచ్చి అది.

మాట పంపడం దగ్గరే నాకు మజా. గొంతును సెకనులో యాభయ్యోవంతు ముక్కలుగా కోసి నెట్‌లోకి వదులుతాం. అవి బయల్దేరినట్టు చేరవు. ఒకటి ముందొస్తుంది, ఒకటి ఆలస్యం, ఒకటి అసలు రాదు. వచ్చింది వచ్చినట్టు వినిపిస్తే మాటకు నత్తి వస్తుంది. అందుకని కాసేపు ఆపి, వరస సరిచేసి వదలాలి. దాన్ని జిట్టర్ బఫర్ అంటారు. మా కాలువ శివారు ఊళ్లవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కాలువ ఇచ్చినప్పుడే ఇస్తుంది. మంచినీళ్ల చెరువు నింపుకుంటేనే పంపు రోజూ వస్తుంది. కాకపోతే ఇక్కడ చెరువు పెద్దదైనా చిక్కే. అరసెకను ఆగితే పిన్నీ నేనూ ఒకేసారి మాట్లాడేసి, ఒకేసారి ఆగిపోతాం. రాని ముక్కను, 2012లో వచ్చిన ఓపస్ కోడెక్ ముందు మాటను బట్టి ఊహించి పూడుస్తుంది. పిన్ని అనని అక్షరాన్ని పిన్ని గొంతుతోనే వింటున్నానన్నమాట!

ఇంత చేసి గంట దగ్గర బోల్తాపడ్డాను. కదలకుండా పడున్న ఫోనును ఆండ్రాయిడ్ 2015 నుంచి ‘డోజ్’ అనే నిద్రలోకి పంపుతోంది. లేపడానికి మామూలు దారి గూగుల్ సర్వరు నుంచి పుష్ సందేశం. నేనా దారి పెట్టలేదు. కోడంతా తెరిచి, గంట తాడు మాత్రం అమెరికాలో కట్టడమేమిటని నా పంతం. ఆదివారం రాత్రే పిన్ని ఇంటికెళ్లి, మా యాప్‌ని నిద్ర నుంచి మినహాయించి, ముప్ఫై సెకన్లకోసారి నా సర్వరును పలకరించేలా మార్చాను. ఫోను ఠంచనుగా మోగింది. ఈ వారం కాలమ్‌కి విజయగాథ దొరికిందనుకున్నాను.

మంగళవారం పిన్నే చేసింది. “సాయంత్రానికే చార్జింగు చచ్చిపోతోందిరా. మళ్లీ బుడమేరొస్తే?”

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు పిన్ని మేడమీద చిక్కుకుంది. కరెంటు లేదు. పొద్దున్నే ఒక్కసారి “బాగానే ఉన్నా, పెట్టేస్తున్నా” అనేది. ఆ నాలుగు మాటల కోసం ఇంటిల్లిపాదీ రోజంతా కాచుకునేవాళ్లం. మూడోరోజుకీ ఆ ఫోనులో ప్రాణం ఉందంటే, మిగతా వేళంతా పడుకోబట్టే. నా యాప్ అప్పుడే ఉండి ఉంటే, ముప్ఫై సెకన్లకోసారి పలకరించి పలకరించి మొదటి రాత్రే దాన్ని చంపేసేది.

బుధవారం ఆ పలకరింపులు తీసేసి పుష్ పెట్టేశాను. ఇప్పుడు పిన్ని ఫోను గూగుల్ తట్టితే లేస్తోంది, లేకపోతే హాయిగా పడుకుంటోంది. ఆటోనగర్ మేస్త్రీకి ఇంకా చెప్పలేదు.