స్థానం వారి సత్యభామ

ఆడ పాత్రలను మగవాళ్లే ధరించిన కాలంలో తెలుగు రంగస్థలం మీద ఆ వేషాలతో పేరు తెచ్చుకున్నవారు చాలామందే ఉన్నారు. స్థానం నరసింహారావు పేరు వినగానే మాత్రం పెద్దలు వరసగా పాత్రల పేర్లే చెబుతారు: సత్యభామ, రోషనార, చింతామణి, దేవదేవి, మధురవాణి. చీర కట్టింది ఒక్క మనిషే అయినా, ప్రేక్షకుడు ఏ ఇద్దరినీ ఒకలా చూడలేదు. ఆయన ప్రతిభకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

స్థానం 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో అక్కడ హరిశ్చంద్ర నాటకం వేయబోతుంటే చంద్రమతి వేషధారి రాలేదు. ఆ పాత్ర ఆయన మీద పడింది. ఆ తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, ఉద్దండులైన నటుల సరసన రాటుదేలారు.

అప్పటి నాటకానికి పద్యం, పాట ప్రాణం. హార్మోనియం శ్రుతిలో నటుడు రాగం అందుకుంటే జనం ‘వన్స్ మోర్’ అనేవారు, ఆయన మళ్లీ పాడేవాడు. గొంతు బాగున్నవాడికి ఇది వరమే, పాత్రకు మాత్రం గండం. ఆలాపన సాగేకొద్దీ రాజు, రాణి మాయమై గాయకుడొక్కడే మిగిలేవాడు. స్థానం పాటను వదులుకోలేదు. దాన్ని పాత్రకు లోబరిచారు.

ఇందుకు ‘మీరజాలగలడా’ పాటే సాక్ష్యం. ముత్తరాజు సుబ్బారావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ కోసం దీన్ని స్థానమే రాసుకున్నారు. కృష్ణుడు తన మాట జవదాటడని సత్య ధీమాగా చెప్పుకునే సందర్భం. పల్లవి ఒక ప్రశ్న, అడిగే మనిషికి జవాబు ముందే తెలుసు. ఆ పల్లవినే ఆయన తిప్పి తిప్పి పాడేవారు, తిప్పినప్పుడల్లా భావం మారేది. ఆ ప్రశ్నలో భర్త తన కొంగున ఉన్నాడన్న గర్వం ఉంది, గారం ఉంది, సవతి మీద పంతం ఉంది. లోలోపల ఎక్కడో చిన్న భయమూ ఉంది. అంత నమ్మకమే ఉంటే భర్త తనకే దక్కాలని ఆమె పట్టే వ్రతం దేనికి? ఈ పొరలన్నీ చూపాలంటే నటుడికి సంగీతం వచ్చి ఉంటే సరిపోదు, సత్య మనసు తెలిసి ఉండాలి.

‘కన్యాశుల్కం’ మధురవాణి ఇందుకు పూర్తిగా ఎదురు. పద్య నాటకపు ఆలాపనకు అక్కడ చోటు లేదు, నడిపించేదంతా వాడుక మాటే. సత్య మనసులో ఉన్నది దాచలేదు, మధురవాణి నవ్వుతూనే దాచేస్తుంది. ఈ రెండు పాత్రల్లోనూ మెప్పించిన నటుణ్ణి వట్టి స్త్రీ వేషధారి అనడం అన్యాయం.

‘రాధాకృష్ణ’ (1939), ‘సత్యభామ’ లాంటి సినిమాల్లోనూ స్థానం నటించారు. అయినా ఆయన కళ రంగస్థలానిదే. ఆఖరి వరసలో కూర్చున్నవాడికీ అందేలా చూపును, నడకను, మాటను తూచుకునే విద్య అది. కెమెరా ముఖం దగ్గరికే వచ్చేస్తే ఆ కొలతలు మారిపోతాయి. పైగా వెండితెర మీద ఆడ పాత్రలకు నటీమణులే వచ్చారు. రావలసిందే కూడా. స్త్రీలను నాటకానికి దూరంగా ఉంచిన కట్టుబాట్లు మంచివి కావు, అవి పోవడం మేలే.

1956లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. తన అనుభవాలను ‘నటస్థానం’లో రాసి పెట్టారు. 1971లో కన్నుమూశారు. అంతకు ముందే, 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో జమున అభినయంతో, సుశీల గొంతుతో ఆయన పాట కొత్త తరానికి చేరింది. పాట అందరికీ తెలుసు. దాని వెనకున్న అభినయ విద్య గురించి తెలిసినవారే తగ్గిపోతున్నారు.

మన విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖల్లో ‘మీరజాలగలడా’ను నటన పాఠంగా చెప్పాలి. ఒక్క పల్లవినే విద్యార్థి చేత పది భావాలతో పలికించాలి. అమ్మాయైనా, అబ్బాయైనా ఆ పరీక్ష నెగ్గితే పాత్రలోకి వెళ్లే దారి తెలుస్తుంది. స్థానం వారికి విగ్రహాల కన్నా ఇదే సరైన గౌరవం.