నల్లమందు పద్దు

మన వారపత్రికల డిటెక్టివ్ నవలల్లో స్మగ్లర్ల నాయకుడు కొండ గుహలో కాపురముంటాడు. మీట నొక్కితే గోడ పక్కకి జరుగుతుంది. చివరి ప్రకరణంలో పోలీసులొస్తారు. కథ కంచికి, మనం ఇంటికి. సరదాగానే ఉంటుంది గానీ, ఆ గుహ అక్కడెందుకు వెలిసింది, ఇన్నాళ్లూ దాన్ని ఎవరుండనిచ్చారు అని మాత్రం ఏ రచయితా అడగడు.

అలా అడిగిన పుస్తకాలు రెండున్నాయి. రెండూ బర్మాలోని షాన్ కొండల్లోకి మనల్ని తీసుకెళ్తాయి.

మొదటిది 1972లో వచ్చిన 'ఆగ్నేయాసియాలో హెరాయిన్ రాజకీయాలు'. రాసిన ఆల్‌ఫ్రెడ్ మెకాయ్ అప్పటికింకా యేల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. అచ్చుకు ముందే చూపించమని అమెరికా గూఢచారి సంస్థ ప్రచురణకర్తల్ని అడిగిందంటే, ఆ కుర్రాడి కలం ఎక్కడ గుచ్చుకుందో ఊహించుకోండి! ఈయనది కరణంగారి పద్ధతి. గసగసాలు పండించిందెవరు, కంచర గాడిదలు తోలిందెవరు, దారి సుంకం దండుకున్నదెవరు, అన్నీ పద్దు రాస్తాడు. 1967లో ఖున్ సా నల్లమందు బిడారు లావోస్ చేరింది. మావో చేతిలో ఓడి ఆ కొండల్లో చేరిన చైనా సైనికులు అడ్డం తిరిగారు. లావోస్ సేనాని విమానాలు పంపి ఇద్దరి మీదా బాంబులు వేయించి, సరుకు తాను పట్టుకుపోయాడు. పిల్లుల తగువులో కోతి తీర్పంటే ఇదే గదా!

అయితే ఈ పద్దులో ఓ కాలమ్ ఖాళీ. షాన్ ప్రజల కోపానికి మెకాయ్ ఇచ్చిన చోటు బహు తక్కువ. అంతా ఎక్కడో రాజధానుల్లో కూర్చున్నవాళ్లు ఆడించిన బొమ్మలాటలాగా కనిపిస్తుంది.

ఆ ఖాళీని పూరించింది బెర్టిల్ లింట్నర్ 'తిరుగుబాటులో బర్మా' (1994). షాన్ అమ్మాయిని పెళ్లాడిన ఈ స్వీడన్ విలేఖరి, 1985-87లో పసిబిడ్డతో సహా మన నాగాలాండ్ వైపునుంచి ఆ అడవులు కాలినడకన దాటాడు. ఈయన కథ 1947లో మొదలవుతుంది. ఆనాటి రాజ్యాంగం పదేళ్ల తర్వాత విడిపోయే హక్కు షాన్ రాష్ట్రానికి ఇచ్చింది. గడువు తీరింది, హక్కు కాగితం మీదే ఉండిపోయింది. 1958 నుంచి కుర్రాళ్లు తుపాకులు పట్టారు. తుపాకీకి డబ్బు కావాలి; ఆ కొండల్లో డబ్బయ్యే పంట గసగసాలే. తిరుగుబాటుదారుల్ని అణచడానికి ప్రభుత్వం స్థానిక దళాల్ని పెట్టి, నల్లమందు బాటలు వాటికి వదిలేసింది. ఖున్ సా పెరిగింది అలాంటి దళానికి నాయకుడిగానే! అంటే బందిపోటుకి మొదటి లైసెన్సు సర్కారువారిదే.

లింట్నర్‌కీ ఓ లోపం ఉంది. ప్రతి దళానికీ మూడు పొడి అక్షరాల పేరు. పేజీ తిప్పేసరికి ఎవరు ఎవరితో చీలారో మరిచిపోతాం.

ఆఖరి ప్రకరణం నవలల్లోలా జరగలేదు. ఖున్ సా 1993లో స్వతంత్ర షాన్ రాజ్యం ప్రకటించాడు, 1996లో సైన్యానికి లొంగిపోయాడు. అతని తలకి అమెరికా ఇరవై లక్షల డాలర్లు వెల కట్టినా బర్మా అప్పగించలేదు. 2007లో రంగూన్‌లో దర్జాగా పోయాడు.

పాత కథే గదా అనుకోకండి. దక్షిణాన కరెన్ల తిరుగుబాటు 1949 నాటిది. అందులోంచి 1994లో చీలిన వర్గంలో అధికభాగం 2010లో సర్కారు సరిహద్దు దళమైంది. దాని నీడలోనే మ్యావడీ దగ్గర ఆన్‌లైన్ మోసాల ప్రహరీలు లేచాయి. 2025 మార్చిలో ఐదొందలమందికి పైగా భారతీయుల్ని మన విమానాలు అక్కడినుంచి తీసుకొచ్చాయి. ఉద్యోగమని నమ్మి వెళ్లిన తెలుగు పిల్లలూ వాళ్లలో ఉన్నారు. పద్దు అదే, సరుకు మారింది.

లెక్క తెలియాలంటే మెకాయ్‌ని చదవండి, ఉసురు తెలియాలంటే లింట్నర్‌ని. ఒకటే చదివితే దొంగలే కనిపిస్తారు, లేదా వీరులే కనిపిస్తారు. రెండూ చదివితే, మధ్యలో నలిగినవాళ్లు కనిపిస్తారు.