భద్రాచలం దాటాక నాలుగు కోయ మాటలు
జపాన్‌కు బయల్దేరేవాళ్లు విమానం ఎక్కకముందే "అరిగాతో", "సుమిమాసెన్" బట్టీ పడతారు. వాళ్లే భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లేటప్పుడు ఒక్క కోయ మాటైనా తెలుసుకోవాలనుకోరు. అక్కడ అందరికీ తెలుగు వచ్చుకదా అంటారు. సంతలో బేరమాడేవాళ్ల వరకు అది చాలామటుకు నిజమే. కానీ నిజంగా అందరికీ వచ్చుంటే, 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో కలిపి 8 గిరిజన భాషల్లో చిన్నపిల్లలకు చదువు మొదలుపెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సల్వాజుడుం గొడవలకు ఛత్తీస్‌గఢ్ విడిచి వచ్చి, ఇక్కడి అడవుల్లో గూడేలు వేసుకున్న గుత్తికోయల సంగతి సరేసరి. 2011 జనగణనలో కోయను మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 4 లక్షల పైమాటే.

మరి ఏ మాటలు నేర్చుకోవాలి? యాత్రికుల కోసం వేసే జాబితాలు ఎక్కువగా నమస్కారంతో మొదలై ధన్యవాదాలతో ముగుస్తాయి. మర్యాద మంచిదే, కాదనను. కానీ ముందు కావలసినవి చేత్తో జవాబు చూపించగలిగే ప్రశ్నలు: నీళ్లెక్కడ, దారి ఎటు, బండి ఎక్కడ ఆగుతుంది. కోయలో అడిగితే కోయలోనే గడగడా జవాబొస్తుంది, అప్పుడేం చేస్తావని వెక్కిరించేవాళ్లకు నా సమాధానం ఇదే. వేలు చూపిన వైపు నడిస్తే చాలు. కోయ గోండికి బాగా దగ్గరి భాష, తెలుగుకూ చుట్టమే. నన్న అంటే నేను, నిమ్మ అంటే నువ్వు, బాత అంటే ఏమిటి, లోన్ అంటే ఇల్లు. చెవికి ఇట్టే పట్టుబడతాయి. అయితే ఆ చుట్టరికాన్ని పూర్తిగా నమ్మకూడదు. కోయలో ఏరు అంటే నీళ్లు. బిందెలో ఉన్నా ఏరే. మనమేమో ఆ మాట వినగానే కిన్నెరసాని వాగు ఎటుందా అని చూస్తాం.

వచ్చీరాని మాటలతో కోయలను నొప్పించడమెందుకన్న వాదన నాకు అంత బరువుగా తోచదు. అసలు చిక్కు యాసలది. మానవశాస్త్రవేత్త స్టీఫెన్ టైలర్ 1969లో అచ్చువేసిన కోయ వ్యాకరణం గోదావరి ఒడ్డు గొమ్ము కోయల మాటకు రాసింది. సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్ల గూడెంలో అది ఉన్నదున్నట్టు పనికొస్తుందనుకోలేం. కాబట్టి జాబితా మీద అది ఏ ఊళ్లో విన్న మాటో రాసి ఉండాలి. ఇంకొక హద్దు కూడా ఉంది. జ్వరం ఎన్నాళ్లనుంచి, ఏ మందు మింగారు అన్న ప్రశ్నలకు వేలు చూపిస్తే సరిపోదు. అక్కడ జాబితా జేబులో పెట్టేసి, ఆ గూడెం మాట తెలిసిన ఆశా కార్యకర్తను పిలవాలి.