బానల్లోని చరిత్ర

మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియాన్ని పాతకాలపు జనం ‘చచ్చిన కాలేజీ’ అనేవారు. ఒకప్పుడు అదే ఆవరణలో మొదలైన జంతుప్రదర్శనశాల ‘బతికిన కాలేజీ’. ఆ మాటలో నాకు ఎగతాళి కన్నా విమర్శే ఎక్కువ వినిపిస్తుంది. చచ్చినవాళ్ళ వస్తువులు బతికున్నవాళ్ళకు ఏమీ చెప్పలేకపోతే ఆ పేరు నిజమైనట్టే.

అక్కడున్న ఆదిచ్చనల్లూరు సమాధి సామగ్రినే తీసుకుందాం. తమిళదేశంలో తామ్రపర్ణి ఒడ్డునున్న ఈ శ్మశానవాటికను 1876లో జర్మన్ పరిశోధకుడు యాగోర్ తవ్వాడు. అతనికి దొరికినవి బెర్లిన్ చేరాయి. తర్వాత 1899-1905 మధ్య అలెగ్జాండర్ రే విస్తృతంగా తవ్వించాడు. మృతులను పెద్ద మట్టి బానల్లో పెట్టి పూడ్చిన చోటు అది. ఇనుప కత్తులు, ఈటెలు, మూతల మీద జంతువుల బొమ్మలున్న కంచు పాత్రలు, నుదుటికి కట్టే పల్చని బంగారు పట్టీలు, కుండల్లో వరి, చిరుధాన్యాల పొట్టు దొరికాయి. 1915లో రే వీటి పట్టిక ప్రచురించాడు.

ఇలాంటి సామగ్రిని లోహం వారీగా విడదీసి అమర్చడం మ్యూజియాల పాత అలవాటు. బంగారం పక్కన బంగారం, ఇనుము పక్కన ఇనుము పెడితే లోహాల చరిత్ర తెలుస్తుంది, మనుషుల చరిత్ర తెలియదు. పట్టీ ఏ బానలో ఉంది, వట్టి పొట్టు ఏ బానలో ఉంది అన్నదే అసలు ప్రశ్న. పట్టీలు దొరికింది కొద్ది బానలకే. చావు అందరినీ సమానం చేస్తుందన్న వేదాంతాన్ని ఆ శ్మశానమే కాదంటున్నది.

మనవాళ్ళలోనూ ఒక పొరపాటుంది. రాజులు లేని కాలం కనపడగానే అది సమసమాజమని కవిత రాసేస్తాం. అలాగని పట్టీలేని ప్రతి బానా బానిసదే అన్నా అబద్ధమే. వస్తువు చెప్పినంతే చెప్పడం అభ్యుదయ రచయితకు మొదటి క్రమశిక్షణ. ఇనుప ఆయుధాల మొనలు కిందికి దిగి ఉన్నాయని రే గమనించాడు. సాగనంప వచ్చినవాళ్ళు వాటిని నేలలో గుచ్చి ఉంటారని ఊహించాడు. కథకుడికి ఆ ఒక్క దృశ్యం చాలదా?

శ్రమను మరిచిపోవడం అద్దాల బీరువాలకే పరిమితం కాదు, మన భాషలోనూ ఉంది. తెలుగునాట ఇనుపయుగపు రాతి సమాధులను ‘రాకాసి గుళ్ళు’ అంటాం. అంతంత బండలను మనుషులే ఎత్తారని నమ్మలేక ఆ పనిని రాక్షసులకు అంటగట్టాం. ఎత్తిన చేతులు మాత్రం కథలోకి రాలేదు.

2023లో ఆదిచ్చనల్లూరులోనే స్థల మ్యూజియం తెరిచారు. అక్కడ బానలు తవ్విన గోతుల్లోనే, పడున్నచోటే ఉన్నాయి. పైన పరిచిన అద్దం మీద నిలబడి చూడాలి. వస్తువును దాని చోటు నుంచి ఊడదీయకుండా చూపడం చిన్న విషయం కాదు. ఒక పద్యపాదాన్ని దాని కాలం నుంచీ, దాన్ని కన్న సమాజం నుంచీ పెరికి మెచ్చుకునే విమర్శకులం మనం ఆ అద్దం ముందు కాసేపు నిలబడాలి.