ఎంపిక ఎవరిది?

గచ్చిబౌలిలో రెండు కేంద్రీయ విశ్వవిద్యాలయాలున్నాయి. 1974లో వచ్చిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఒకటి. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మరొకటి. ముస్లిం పిల్లలు ఏది ఎంచుకోవాలని మనవాళ్లు వాదించుకుంటుంటారు. అక్కడికెళ్తే పేరట, ఇక్కడికెళ్తే ఉనికట. అనంతపురం నుంచి చూస్తే ఈ వాదనే బోలు.

వేరుశనగ ఎండిన ఏడు ఫీజుల బడి మాట ఎవరెత్తుతారు? దగ్గర్లో ఏ సర్కారు బడి ఉంటే అందులో పేరు రాయిస్తారు. దూదేకుల ఇంట్లో మాట్లాడేదే తెలుగు. షేకుల పిల్ల ఇంట్లో తురకం మాట్లాడుతుంది గానీ, తెలుగు బడికి పోయింది కాబట్టి అలిఫ్, బే రాయలేదు. ఈ ఇద్దరికీ ఉర్దూ యూనివర్సిటీలో చదువు సాగదు. ఉర్దూ బడిలో చదివిన పిల్లకేమో రెండోవైపు చాలా కోర్సులకు ఇంగ్లీషు గోడ అడ్డం. అంటే ఎంపిక పద్దెనిమిదో ఏట గచ్చిబౌలిలో జరగడం లేదు. ఆరో ఏట ఊరి బడిలోనే జరిగిపోయింది.

ఉర్దూ అంటే మతమనుకునేవాళ్లకో మాట: 1918లో పుట్టిన ఉస్మానియా దశాబ్దాల పాటు సైన్సును ఉర్దూలోనే చెప్పింది. తెలుగు మనది కాదనే మనవాళ్లకూ ఓ మాట: దూదేకులమ్మ జోలపాట ఏ భాషలో పాడుతుంది?

గూగూడు పీర్ల ముందు కలిసి నిలబడే జనం మనం. మన పిల్లకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే బడిలో ఇవ్వండి. ఏ యూనివర్సిటీ అని అప్పుడడగండి.