ఎడమ, ఎడమ, కుడి

ఓ పరుగా, రెండు కాళ్లవాళ్లకు నీది ఒక తాళం. టెర్రీ ఫాక్స్‌కు ఇంకో తాళం. ఎడమ, ఎడమ, కుడి. ఉన్న కాలితో రెండు గెంతులు, పెట్టుడు కాలితో ఒక అడుగు. ఆ కాలు నడవడానికి చేసింది, పరిగెత్తడానికి కాదు. నేలకు ఆనగానే నొక్కుకుపోయిన స్ప్రింగు మళ్లీ సర్దుకోవడానికి రెప్పపాటు వ్యవధి కావాలి. ఎడమకాలు అదనంగా ఓ గెంతు గెంతి ఆ రెప్పపాటును సంపాదించి పెట్టేది. అలా కూడబెట్టిన రెప్పపాట్లతోనే 1980లో 21 ఏళ్ల కుర్రాడు కెనడాను సగానికి పైగా దాటాడు.

భయం తరిమితే కాలికి బుద్ధి చెప్పడం లోకంలో ఉన్నదే. నీ పుట్టుకే అక్కడ. టెర్రీ మాత్రం భయానికి ఎదురు పరిగెత్తాడు. 1977లో అతని మోకాలి దగ్గర ఎముక క్యాన్సర్ బయటపడింది. అప్పటికి 18 ఏళ్లు, బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. మోకాలికి ఆరంగుళాల పైనుంచి కుడికాలు తీసేశారు. ఆపరేషన్‌కు ముందు రాత్రి కోచ్ ఒక పత్రిక తెచ్చి చేతిలో పెట్టాడు. అందులో పెట్టుడు కాలితో న్యూయార్క్ మారథాన్ పూర్తి చేసిన డిక్ ట్రామ్ కథ ఉంది. నీ విత్తనం ఆ రాత్రే పడింది.

మొలకెత్తించింది మాత్రం ఒక లెక్క. బతికే అవకాశం నూటికి 50 పాళ్లు అన్నారు డాక్టర్లు. రెండేళ్ల కిందటైతే 15 పాళ్లే అని కూడా అన్నారు. ఆ 15కీ ఈ 50కీ మధ్య ఉన్నది మంత్రమూ కాదు, మొక్కూ కాదు. ఎక్కడో ప్రయోగశాలల్లో ఎవరో తల వంచుకుని చేసిన పని, ఆ పని ఆగకుండా ఎవరో ఇచ్చిన డబ్బు. 16 నెలల చికిత్సలో పక్క మంచాల మీద నలిగిపోతున్న పిల్లలను చూస్తూ టెర్రీ ఈ లెక్కను ఒంటబట్టించుకున్నాడు. తనకు దక్కిన 50ని ఎవరో పోగుచేసి ఇచ్చారు. తరవాతి వాళ్లకు ఇంకాస్త పెద్ద అంకె ఇచ్చే వంతు తనది.

ఇవ్వాలంటే పరిశోధనకు డబ్బు కావాలి, డబ్బు కావాలంటే అడగాలి. అడగడం ఎంత కష్టమో మన ఊళ్లకు తెలుసు. గుడికైనా బడికైనా చందాల పుస్తకం చంకన పెట్టుకుని నలుగురు బయల్దేరతారు. ఇచ్చేవాడు అరుగు మీద, అడిగేవాడు మెట్ల కింద. ఓ పరుగా, ఆ ఎత్తుపల్లాన్ని చదును చేసింది నువ్వు. టెర్రీ చెయ్యి చాచలేదు, కాలు సాగించాడు. కళ్లెదుట ఒకడు చెమటలు కక్కుతూ పోతుంటే పది డాలర్లు ఇచ్చినవాడు దాతనని రొమ్ము విరుచుకోలేడు. మోస్తున్నవాడి బరువుకు తనదీ ఓ చెయ్యి సాయం, అంతే. నీ ముందు దాతా యాచకుడూ లేరు, ఒకే బరువును తలో చోట పట్టుకున్నవాళ్లు తప్ప.

1980 ఏప్రిల్ 12న న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్‌లో పెట్టుడు కాలిని అట్లాంటిక్‌లో ముంచాడు. రెండు సీసాల నిండా సముద్రపు నీళ్లు పట్టాడు. ఒకటి దాచుకోవడానికి, ఇంకొకటి ఆ చివరనున్న పసిఫిక్‌లో పోయడానికి. వెనకాల వ్యాన్‌లో స్నేహితుడు డగ్ ఆల్వర్డ్. ముందు ఈదురుగాలి, వాన, ఆపైన మంచు. రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు, అంటే రోజుకో మారథాన్. ఒక్క మారథాన్ చేసినవాళ్లు మర్నాడు గోడ పట్టుకుని మెట్లు దిగుతారు. టెర్రీకి మర్నాడంటే మరో మారథాన్. పెట్టుడు కాలు బిగించే చోట చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడేవి, నెత్తురు కారేది. సాధన చేసే రోజుల్లోనే అతను ఓ సంగతి కనిపెట్టాడు. మొదటి 20 నిమిషాలు ఓర్చుకుంటే నొప్పి ఒక గడప దాటుతుంది, అక్కణ్ణుంచి ఒళ్లు తేలికపడుతుంది. ఓ పరుగా, ఆ గడప దగ్గర నువ్వు కాపలా ఉంటావు. దాటినవాణ్ణి ఆపవు, దాటనివాణ్ణి వదలవు.

నీ వెంట చిల్లర మోగడం పోర్ట్ ఓ బాస్క్‌లో బాగా వినిపించింది. పదివేల జనాభా ఉన్న ఆ ఊరు పదివేల డాలర్లు పోగుచేసి ఇచ్చింది. తలకో డాలరు! ఆ తరవాత క్యుబెక్‌లో ఫ్రెంచ్ రాక, పట్టించుకునే జనం లేక రోడ్డు చిన్నబోయింది. వెనక నుంచి హారన్లు కొడుతూ కార్లు పక్కకు తోసేశాయి. అదే రోడ్డు ఆంటారియోలో అడుగుపెట్టగానే పండగైంది. టొరంటోలో పదివేల మంది ఎదురొచ్చారు. క్యాన్సర్‌కు కొడుకును పోగొట్టుకున్న హోటళ్ల అధిపతి ఇసడోర్ షార్ప్ మైలుకు రెండు డాలర్ల లెక్కన ఇస్తానన్నాడు, మీరూ ఇవ్వండని మరో 999 కంపెనీలను అడిగాడు. టెర్రీ మాత్రం తన చొక్కా మీద ఏ సరుకుకూ చోటివ్వలేదు. తన పరుగుతో ఎవరూ లాభం చేసుకోకూడదన్నది అతని నియమం. ఎంత డబ్బు పారినా నీకు తడి అంటకపోవడం అందుకే.

సెప్టెంబరు 1. థండర్ బే ఊరి వెలుపల దగ్గు తెర, గుండెల్లో పోటు. ఆగుదామనుకునేసరికి రోడ్డు పొడవునా జనం, కేకలు, చప్పట్లు. వాళ్ల కోసం ఇంకొన్ని మైళ్లు. ఎడమ, ఎడమ, కుడి. ఇక ఊపిరాడక, ఆసుపత్రికి తీసుకెళ్లమని డగ్‌ను అడిగాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. రెండో సీసా పసిఫిక్‌లో ఒలకలేదు.

అయినా లెక్క పూర్తయింది. కొద్ది రోజులకే ఒక టీవీ కార్యక్రమంలో కోటి డాలర్లు పోగయ్యాయి. దేశంలో మనిషికో డాలరు చొప్పున రావాలన్నది అతని కోరిక. 1981 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటాయి. అప్పటి కెనడా జనాభా కూడా దాదాపు అంతే. ఆ లెక్క కళ్లారా చూసుకుని, జూన్ 28న, 23 ఏళ్లు నిండకుండానే టెర్రీ వెళ్లిపోయాడు.

ఆ సెప్టెంబరులోనే మూడు లక్షల మంది రోడ్డెక్కి నిన్ను ఎత్తుకున్నారు. అప్పటి నుంచి ఏటా సెప్టెంబరులో ఎత్తుకుంటూనే ఉన్నారు. గెలుపోటములు లేవు, నడిచినా సరే, చక్రాల కుర్చీలో వచ్చినా సరే. కెనడా బడుల్లో చదివే మన తెలుగు పిల్లలు కూడా రెండు డాలర్ల బిళ్ల పట్టుకెళ్లి మైదానం చుట్టూ తిరిగి వస్తారు. ఇప్పటికి 80 కోట్ల డాలర్లకు పైగా పోగైంది. ఎముక క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి ఇవాళ కాలు తీసేయాల్సిన అవసరమే రావడం లేదు. ఆ ఘనత ఒక్కరిది కాదు, లెక్కలేనన్ని ప్రయోగశాలలది, వాటికి తలా కాస్త నూనె పోసిన చేతులది.

2005లో కెనడా టంకశాల డాలరు బిళ్ల మీద టెర్రీ పరుగును ముద్రించింది. మనిషికో డాలరు అడిగినవాడు డాలరు మీదికే ఎక్కాడు.

ఓ పరుగా, నువ్వు ఒక్క కణితిని కూడా కరిగించలేవు. ఒక్క కణాన్నీ బాగుచేయలేవు. నీకు తెలిసిందల్లా ఒకడి కష్టాన్ని ఊరందరి కంట పడేలా చేయడం, ఊరందరి చిల్లరను ఒకచోట చేర్చడం. 15ను 50 చేసింది అలాంటి చిల్లరే. 50ని ఇంకా పైకి నెట్టవలసిందీ అదే. ఆ పని తీరేదాకా నువ్వు ఆగవద్దు. తెల్లారేసరికి బూట్ల తాళ్లు బిగించుకుని నీ వెంట వచ్చేవాళ్లకు కొదవ లేదు.